పదహారు ప్లగ్గుల బండి, చించినాడ వంతెన

మా రొయ్యల రైతుల చెవులు తిరగమరగ పనిచేస్తాయి. రాత్రంతా చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు గుడగుడలాడుతుంటేనే నిద్ర పడుతుంది. ఆ చప్పుడు ఆగిందంటే చాలు, మెలకువ వచ్చేస్తుంది. కరెంటు పోయిందన్నమాట. జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. ఇన్నేళ్ళు ఇలా చప్పుడుని నమ్ముకుని బతికినవాడు చప్పుడే లేని ఇంజిన్ని ఇంటికి తెచ్చుకోవడమేంటని మా ఆవిడ మొదటిరోజే అంది. ఆవిడ బాధ డబ్బు గురించి. నాకు తగిలింది మాత్రం చెవి దగ్గరే.

బండి 2002 మోడల్ మెర్సిడెస్ ఎస్ 500. 2019లో హైదరాబాద్‌లో మూడో ఓనర్‌గా కొన్నాను. ఆ ఏడు పంట బాగా దిగింది, రేటూ కలిసొచ్చింది. కొన్న ధర కొత్త చిన్న కారు ధరకన్నా తక్కువే. ఈ రకం బళ్ళని కొనడం తేలిక, మేపడమే కష్టం. తెచ్చినప్పుడు 84,000 కిలోమీటర్లు తిరిగి ఉంది, ఇప్పుడు 1,26,000 దాటింది. సీట్ల మెత్తదనం, వెనక కాళ్ళు చాపుకునే చోటు, తలుపు వేసినప్పుడు వచ్చే 'టప్' గురించి చాలామంది రాశారు, నేను రాయను. నా మోజంతా బానెట్ కింద ఉన్నదాని మీదే. వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు, 4,966 సీసీ, 306 హార్స్‌పవర్. కంపెనీ దానికి పెట్టుకున్న పేరు ఎం113.

తెచ్చిన మొదటి నెలలో నాన్నగారిని పాలకొల్లు క్షీరారామానికి తీసుకెళ్దామని బండి తీశాను. వెనక సీట్లో కూర్చున్నారు. లోపల చల్లబడేదాకా ఆగుదామని నేను కదల్చలేదు. కాసేపు చూసి, "ఏరా, స్టార్ట్ చెయ్యవేంట్రా? అభిషేకం టైమైపోతోంది" అన్నారు. స్టార్ట్ చేసి ఐదు నిమిషాలైంది నాన్నా అంటే నమ్మలేదు. మీటర్‌లో ముల్లు చూపించినా నమ్మలేదు. తలుపు తీసుకుని దిగి, వెనక్కెళ్ళి, బంపర్ కింద సైలెన్సర్ గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి చూసి, అప్పుడొచ్చి కూర్చున్నారు. "ఆఁ, ఊపిరి ఉంది" అన్నారు. ఆ మాట ఆరేళ్ళు మా ఇంట్లో జోకుగా తిరిగింది. అది జోకు కాదని 2025 ఫిబ్రవరిలో తెలిసింది.

ఆ నెమ్మది ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మామూలు నాలుగు సిలిండర్ల కారులో క్రాంక్, అంటే ఇంజిన్ ఇరుసు, అర చుట్టు తిరిగేసరికి ఒక సిలిండర్ మండుతుంది. ఒకటి తన తోపుడు ముగించాకే ఇంకోటి అందుకుంటుంది, మధ్యలో చిన్న సందు. ఎనిమిదింటిలో అయితే పావు చుట్టుకి ఒకటి. మొదటిది ఇంకా తోస్తుండగానే రెండోది తోడొస్తుంది. రోట్లో ఒక్క రోకలి పోటుకీ, ఇద్దరు అందుకుని వేసే పోట్లకీ ఉన్న తేడా. బండి నిలబడి ఇంజిన్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతున్నప్పుడు కూడా సెకనుకి 40 మంటలు. ఇక అది ఊగడానికి సందెక్కడుంది?

దానికి తోడు ఈ ఇంజిన్లో ఒక్కో సిలిండర్‌కి నిప్పు రాజేసే ప్లగ్గులు రెండేసి. ఎనిమిదికి పదహారు. వాల్వులు మూడే: గాలి లోపలికి పోవడానికి రెండు, పొగ బయటికి రావడానికి ఒకటి. పొగ దారి ఒక్కటే కావడంతో వేడి దారిలో చల్లారిపోకుండా పొగలోని విషాన్ని విరిచే కేటలిటిక్ కన్వర్టర్ దాకా చేరుతుంది, పొద్దున్నే చల్లటి ఇంజిన్లో కూడా అది త్వరగా పనిలో పడుతుంది. రెండు ప్లగ్గులు రెండు వైపులనుంచి అంటిస్తాయి కాబట్టి పెట్రోలు మిశ్రమం చప్పున, సాంతం కాలుతుంది. మొదట్లో ఈ సంగతి కనిపించినవాడికల్లా గర్వంగా చెప్పేవాణ్ణి. ఒక ప్లగ్గు పోయినా రెండోది ఉంటుంది, ఈ బండి మనల్ని దారిలో వదలదు అని. ఆ మాట అబద్ధం కాదు. కానీ అందులో ఒక తిరకాసు ఉంది.

మా ఊరు భీమవరం పక్కన, కాళ్ళ మండలంలో. సగం ఊరు చెరువులు, సగం ఊరు చేలు. సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో అయిపోతాయి. కుప్పలు నూర్చి చేలు ఖాళీ అవగానే అందులోని ఎలకలకి ఇల్లు పోతుంది. అవి ఊళ్ళోకొస్తాయి. గడ్డివాము ఉన్నవాళ్ళింట్లో గడ్డివాము, లేనివాళ్ళింట్లో ఏది వెచ్చగా ఉంటే అది. మా షెడ్డులో వెచ్చగా ఉండేది ఈ ఇంజిన్. పెద్ద దిమ్మ, ఆపిన చాలాసేపటిదాకా వేడి తగ్గదు, పైన ప్లాస్టిక్ మూతలు కప్పి ఉంటాయి. ఎలక కోసం కట్టించినట్టే.

2025 సంక్రాంతికి రాజమండ్రి వెళ్ళొచ్చాం. ఎప్పుడూ హైవే మీద లీటరుకి ఏడున్నర ఇచ్చే బండి ఏడే ఇచ్చింది. నాకు వెంటనే ఇథనాల్ గుర్తొచ్చింది. పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. లీటరుకి లీటరు చూస్తే ఇథనాల్లో ఉన్న శక్తి పెట్రోల్లో మూడింట రెండొంతులే. ఆ లెక్కన 20 శాతం కలిస్తే మొత్తం మీద ఆరేడు శాతం పడిపోవాలి. ఏడున్నర ఏడైతే సరిగ్గా అంతే. లెక్క అంత చక్కగా కుదిరాక ఇంక బానెట్ ఎత్తి చూసేదెవడు? మన చేలో పండిన బియ్యమే ఇథనాలై మన ట్యాంకులోకి వస్తోందని మా ఆవిడకి ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ బియ్యం తిన్న ఎలకలు అప్పటికే ట్యాంకుకి రెండు గజాల దూరంలో కాపురం పెట్టాయన్న సంగతి నాకు తెలియదు.

ఫిబ్రవరిలో, మాఘమాసం పెళ్ళిళ్ళప్పుడు, అమలాపురంలో మేనకోడలి పెళ్ళి. రాత్రి పదిన్నరకి భోజనాలయ్యాక బయల్దేరాం. రాజోలు దాటాం, దిండి దాటాం, అంతా వెన్న మీద నడిచినట్టే. చించినాడ వంతెన ఎక్కుతున్నప్పుడు ముందు ఇసుక లారీ, దాన్ని దాటుదామని గట్టిగా తొక్కాను. బండి ఒక్కసారి దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆ తర్వాత ఎవరో వెనకనుంచి బంపర్‌ని మోకాలితో తడుతున్నట్టు వరసగా తట్టడం మొదలైంది. కాలు వెనక్కి తీసేశాను. వంతెన నడిమధ్యకొచ్చి రోడ్డు సమం కాగానే తట్టడం ఆగిపోయింది. అవతలి వైపు దిగుతుంటే ఏమీ జరగనట్టే ఉంది. "గతుకులా?" అంది మా ఆవిడ. గతుకులేనేమో అనుకున్నా. మీటర్లో ఇంజిన్ లైటు మాత్రం పసుప్పచ్చగా వెలిగి కూర్చుంది.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది, మా ప్రాంతంలో ఎత్తు ఎక్కాలంటే వంతెన ఒక్కటే దిక్కు. మిగతా డెల్టా అంతా పళ్ళెం. కాలవగట్టు మీద 60 స్పీడులో, టాప్ గేరులో, ఈ ఇంజిన్ పన్నెండు వందల చుట్లు కూడా తిరగదు. దానికది పని కాదు, పడక కుర్చీ. ఇంజిన్ మీద బరువు పడ్డప్పుడే సిలిండర్లోకి మిశ్రమం ఎక్కువ వెళ్ళి ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో ప్లగ్గు మొనల మధ్య నిప్పురవ్వ దూకాలంటే వోల్టేజి ఎక్కువ కావాలి. వైరుకి గాయముంటే అంత వోల్టేజి ప్లగ్గు దాకా వెళ్ళకుండా గాయంలోంచే పక్కనున్న ఇనుము మీదికి దూకేస్తుంది. చదునుగా ఉన్నంతసేపు మధ్యమధ్య ఓ మంట తప్పినా తెలియకుండా నడిచిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు దొరికిపోతుంది. అదే ఘాట్ రోడ్డు పక్కన ఉండేవాడికైతే మొదటి వారంలోనే తెలిసేది.

అక్కడ నేను చేసిన తప్పు చెప్పకపోతే ఈ సమీక్షకి అర్థం లేదు. వంతెన దిగాక ఆపి వెనక్కెళ్ళి నాన్నగారిలాగా గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టాను. గాలి ఒకే ధారగా రావాల్సింది, ఫుఫుఫుఫు అని వస్తూ మధ్యమధ్య ఒక వెలితి, అరచేతికి చల్లగా తగులుతోంది. చూసీ, తెలిసీ, అర్ధరాత్రి పిల్లలతో రోడ్డు మీద ఎందుకులే అని నెమ్మదిగా ఇంటిదాకా తోలుకొచ్చేశాను. ముప్ఫై కిలోమీటర్ల పైమాటే. నాలుగు సిలిండర్ల బండిలో ఒకటి పోతే పావు వంతు బలం పోతుంది, స్టీరింగ్ పట్టుకుంటే పళ్ళు కదులుతాయి, బండి నిన్ను బలవంతంగా ఆపిస్తుంది. ఇది ఆపించలేదు. ఏడు సిలిండర్లతో కూడా మర్యాదగా నడిచింది. మండని సిలిండర్లోని పెట్రోలు ఆ ముప్ఫై కిలోమీటర్లూ కన్వర్టర్లోకి పోయి అక్కడ మండింది.

పొద్దున్నే సిటీలో ఒక పెద్ద వర్క్‌షాపుకి ఫోన్ చేశాను. ఫొటోలు పంపమన్నారు. పంపితే, ఎలక కొట్టిందంటే ఇంజిన్ వైరింగ్ మొత్తం మార్చాల్సిందే, బండిని లారీ మీద పంపండి అన్నారు. చెప్పిన అంకె నేను బండి కొన్న ధరలో సగం. రొయ్యకి జబ్బొస్తే చెరువు పూడ్చెయ్యమన్నట్టుంది ఆ వైద్యం.

మా చెరువుల జనరేటర్లు చూసే మెకానిక్‌ని పిలిచాను. అతను జీవితంలో బెంజ్ బానెట్ ఎత్తలేదు. "ఆయ్, నా వల్ల ఏమవుద్దండీ, ఇది కంప్యూటర్ బండి కదండీ" అని ముందు వెనకాడాడు. భీమవరం నుంచి స్కానర్ ఉన్న కుర్రాణ్ణి కూడా రప్పించాను. స్కానర్ ఏడో సిలిండర్ అంది. ఎడమ వరసలో, ముందునుంచి మూడోది. ఇక అక్కడినుంచి స్కానర్‌తో పనిలేకుండా పోయింది.

ప్లాస్టిక్ మూత తియ్యగానే ఎండుగడ్డి, ధాన్యం పొట్టు, మా మేత బస్తా తాలూకు నీలంరంగు పీచు. గూడు కట్టడం పూర్తయింది, పురిటికి సిద్ధం. దాని పక్కనే వోల్టేజి పెంచే కాయిల్ నుంచి ప్లగ్గుకి పోయే పొట్టి వైర్లు, సిలిండర్‌కి రెండు. ఈ ప్లగ్గుల టోపీలు చేత్తో లాగితే రావు, వేడికి అతుక్కుపోయి ఉంటాయి. లాగితే వైరు చేతికొస్తుంది, టోపీ అక్కడే ఉంటుంది. 17 నంబరు రింగు లేని పానా నోటిని టోపీ వెనక దూర్చి నెమ్మదిగా ఎత్తాలి. ఆ కిటుకు నేను చదివి చెప్పానంతే, ఎత్తిన చెయ్యి మాత్రం అతనిదే. రెండు వైర్లూ బయటికి తీసి, పంచె చెంగుతో తుడవబోతే "ఆగండాగండి, తుడవకండి" అన్నాడు.

రెండింటినీ ఎండలోకి తెచ్చి పక్కపక్కన పెట్టాడు. రెండింటి మీదా కొరుకుడే. ఒకదాని గాయం కొత్తది, పళ్ళ గాట్లు మెరుస్తున్నాయి, లోపలి రబ్బరు పచ్చిగా కనిపిస్తోంది, సగమే తెగింది. రెండోది పూర్తిగా తెగి ఉంది. దాని అంచులు నల్లబడి, మీద నూనె, దుమ్ము కలిసి పొరకట్టింది. "ఇది మొన్నటిది కాదండీ. ఇది కోతలప్పటిది. రెండు నెల్లయ్యుంటది" అన్నాడు. అంటే డిసెంబరులోనే ఏడో సిలిండర్‌కి ఒక ప్లగ్గు చచ్చిపోయింది. రెండో ప్లగ్గు ఒక్కతే సంసారం లాక్కొచ్చింది. నేను అందరికీ గొప్పగా చెప్పిన ఆ రెండో ప్లగ్గే నా దగ్గర రోగాన్ని రెండు నెలలు దాచిపెట్టింది. దాన్ని కూడా సగం కొరికాక, వంతెన ఎక్కేటప్పుడు చేతులెత్తేసింది.

రాత్రిదాకా ఆగమని, చీకటి పడ్డాక సగం తెగిన వైరు మళ్ళీ తగిలించి, షెడ్డులో లైటు తీసేసి స్టార్ట్ చేయించాడు. "దగ్గరకి రాకండే, చెయ్యి పెట్టకండే" అంటూ తడి గుడ్డ పిండి ఆ పక్కన గాలిలో తుంపర చల్లాడు. చీకట్లో వైరు గాయం దగ్గర సన్నటి నీలం దారం టిక్ టిక్ మంటూ ఇనుము మీదికి దూకుతోంది. మినుకుమినుకు కూడా కాదు, పురుగు కాలు కదిపినట్టు. ఇంత భారీ ఇంజిన్ని దగ్గించింది అదీ అని చూస్తూ నిలబడిపోయాను.

వైర్లు పదహారూ, ప్లగ్గులు పదహారూ తెప్పించి మార్చేశాం. ప్లగ్గులకే పదివేలు దాటింది. ఇదే నాలుగు సిలిండర్ల బండి అయితే నాలుగింటితో పోయేది. పదహారు ప్లగ్గుల వైభవంలో ఈ భాగం మొదట్లో లెక్కలోకి తీసుకోలేదు. మళ్ళీ స్టార్ట్ చేస్తే ఆ పాత నెమ్మది తిరిగొచ్చింది. దాదాపుగా. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద ఎడమ వైపు అడుగునుంచి గలగలమని చిన్న చప్పుడు, డబ్బాలో రెండు శనగ్గింజలు వేసి ఊపినట్టు, అర నిమిషం వినిపించి ఆగిపోతుంది. కన్వర్టర్ లోపలి తేనెపట్టు లాంటి పింగాణీ ఆ రాత్రి వేడికి ఎక్కడో విరిగిందని మా అనుమానం. మార్చలేదు. మార్చాలంటే ఇంకో పంట చూడాలి. మైలేజీ ఏడుంబావు దగ్గర ఆగింది, అందులో ఎలక వాటా ఎంతో ఇథనాల్ వాటా ఎంతో విడదీయడం నా వల్ల కాలేదు.

మిగతా పోషణ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, అదే ఈ ఇంజిన్ గొప్ప. వాల్వుల టైమింగ్‌కి బెల్టు కాదు, రెండు వరసల చైను. ఇన్ని కిలోమీటర్లకి దాని జోలికి పోవాల్సిన పనిలేదు. ఆయిల్ మాత్రం ఎనిమిది లీటర్లు పడుతుంది. పూర్తి సింథటిక్, డబ్బా మీద మెర్సిడెస్ ప్రమాణం 229.5 అని ఉండాలి. మొదటిసారి మా ఊరి ఆయిల్ షాపులో ఎనిమిది లీటర్లడిగితే "ట్రాక్టర్‌కాండీ?" అన్నాడు. కిలోమీటర్లతో సంబంధం లేకుండా నేను ఏడాదికోసారి మార్చేస్తాను. ఎందుకంటే నా బండి తిరిగేదానికన్నా నిలబడేది ఎక్కువ, మా చెరువుల గాలిలో తేమకి తోడు ఉప్పు కూడా ఉంటుంది. అదే కారణానికి ట్యాంకు నిండుగా పెట్టి నెలల తరబడి వదలను. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, కాబట్టి కొంచెం కొంచెం కొట్టించి తిప్పేస్తుంటాను.

కొనొచ్చా అని అడిగేవాళ్ళకి నేనేం చెప్పను? నాకు షెడ్డు ఉంది, పిలిస్తే వచ్చే మెకానిక్ ఉన్నాడు, సరుకులు మొయ్యడానికి వేరే బండి ఉంది. ఇదొక్కటే బండి అయ్యుంటే ఆ ఫిబ్రవరిలోనే అమ్మేసేవాణ్ణి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు రొయ్య రేటు ఎటుపోతుందో తెలియక నిజంగానే అమ్మకానికి పెట్టాను. చూడటానికొచ్చినాయన వెనక కూర్చుని, "స్టార్ట్ చెయ్యండి సార్" అన్నాడు. చేసే ఉందండీ అన్నాను. ఆయన మొహంలో మా నాన్నగారి మొహం కనబడేసరికి ధర ఓ లక్ష పెంచి చెప్పాను. ఆయన మళ్ళీ రాలేదు.

నాన్నగారు మాత్రం, "ఆరోజే చూపించా కదరా, చెయ్యి పెట్టి చూడాలని" అని ఇప్పటికీ అంటారు. పొద్దున్నే బండి తీసే ముందు ఇప్పుడు నేనూ చూస్తున్నాను. స్టార్ట్ చేసి, వెనక్కెళ్ళి, వంగి, గొట్టం దగ్గర అరచెయ్యి. పది లెక్కపెట్టేదాకా. రాత్రిళ్ళు బానెట్ ఎత్తి వదిలేసి, లోపల చిన్న బల్బు వేలాడదీస్తాను. వెలుతురూ గాలీ ఉంటే ఎలక గూడు కట్టడానికి అంతగా ఇష్టపడదు. ఈ సార్వా కోతలు మొదలైనప్పటినుంచీ అలాగే ఉంటోంది. చేలోంచి తిరిగొచ్చే ప్రతివాడూ మా గేటు దగ్గర ఆగి, నోరు తెరుచుకుని లైటు వేసుకుని కూర్చున్న బెంజ్‌ని చూసి, "ఏవండీ, మళ్ళీ పాడైందా అండీ?" అని అడిగి మరీ పోతున్నాడు.